మూడో మలుపు దగ్గర మీరు ఎవరికీ చెప్పని మాట

పేరు రాయవద్దని కోరిన ఒక పెద్దాయన అమెరికాలోని సియాటిల్ దగ్గర నుంచి పంపిన ఉత్తరం ఇది. ఆయనకు 66 ఏళ్లు. ప్రకాశం జిల్లాలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మే నెలలో భార్యతో కలిసి కొడుకు ఇంటికి వెళ్లారు. అక్టోబరు చివర్లో తిరుగు ప్రయాణం. బీపీకి, షుగరుకు పదేళ్లుగా మందులు వాడుతున్నారు. రోజూ పొద్దున్నే కొడుకు ఉండే కాలనీలో మూడు కిలోమీటర్లు నడుస్తారు. ఆ నడకలో ఇబ్బందేమీ లేదంటారు.

జూన్‌లో ఒక శనివారం కొడుకు, కోడలు, తొమ్మిదేళ్ల మనవడు, మరో రెండు తెలుగు కుటుంబాలు కలిసి నార్త్ బెండ్ ఊరి దగ్గరి రాటిల్‌స్నేక్ లెడ్జ్ కొండకు వెళుతుంటే ఆయన కూడా బయలుదేరారు. అడవిలోంచి మలుపులు తిరుగుతూ పైకి వెళితే చివర పెద్ద బండ వస్తుంది. దాని కింద సరస్సు ఉంటుంది. ‘పదిహేడుసార్లు అలిపిరి నుంచి నడిచి కొండెక్కినవాణ్ణి, ఇదెంత అనుకున్నాను’ అని రాశారు. మూడో మలుపు తిరిగేసరికి ఆయాసం వచ్చి ఒక రాతి మీద కూర్చుండిపోయారు. కొడుకు కంగారుపడి అందరినీ వెనక్కి దింపేశాడు. మనవడు కారులో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ రాత్రి కొడుకు హైదరాబాదులో ఉన్న అక్కకు ఫోను చేస్తే ఆవిడ ‘నాన్నను ఏం చేద్దామనుకున్నావురా’ అని గట్టిగా మందలించింది. అది పక్కగదిలో ఉన్న ఈయనకు వినిపించింది.

ఆనాటి నుంచి కొండ మాట ఎత్తితే కొడుకు ‘వద్దు నాన్నా’ అని ఒకే ముక్కతో తేల్చేస్తున్నాడు. భార్య కూడా కొడుకు వైపే. ‘శనివారం పొద్దున వాళ్లు బూట్లు వేసుకునే వేళకు నేను కావాలనే పెరట్లోకి వెళ్లి మొక్కలకు నీళ్లు పెడతాను. వాళ్లకు నా ముఖం కనబడకూడదని’ అని రాశారు. మనవడు ఆ తర్వాత ఒక శనివారం పైకెక్కి చూసిన సరస్సును రంగు పెన్సిళ్లతో గీసి ‘తాతయ్యా, నువ్వు చూడలేదుగా, ఇదీ’ అని ఇచ్చాడట. ఆ బొమ్మ ఇప్పుడు ఆయన మంచం పక్కన గోడకు ఉంది.

ఇటీవల నడకలో వరంగల్ నుంచి వచ్చిన మరో పెద్దాయన పరిచయమయ్యారు. ఆయన మేనల్లుడికి బుధవారం సెలవు. కారులో ఇద్దరినీ కొండ దగ్గర దింపి సాయంత్రం తీసుకొస్తానన్నాడు. ఇంట్లో గ్రంథాలయానికి వెళుతున్నామని చెప్పి వెళ్లాలని ఆలోచన. ‘కొడుకు మాట కాదని వెళ్లడం తప్పా? ఈ వయసులో ఒక కొండ ఎక్కాలనుకోవడం అంత పెద్ద నేరమా?’ అన్నది ఆయన ప్రశ్న.

ఉత్తరం నాలుగో పేజీలో, కొడుకు ఇంటి మేడమెట్ల గురించి చెబుతూ, మధ్యలో ఒక మాట రాశారు. దాన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: ‘ఆ రోజు కొండ మీద ఛాతీలో కాస్త బరువుగా అనిపించింది, కూర్చోగానే పోయింది, వాడు ఇంకా భయపడతాడని చెప్పలేదు, మొన్న సూట్‌కేసు మేడ మీదికి మోసినప్పుడు కూడా అలాగే వచ్చి తగ్గింది, గ్యాసు అనుకుంటాను.’

మాస్టారూ, నమస్కారం.

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు పెరట్లో నీళ్లు పెట్టే మాట దగ్గర ఆగిపోయాను. రెండోసారి చదివినప్పుడు ఆ నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను. మూడోసారి ఇక చదవలేదు, జవాబు రాయడానికి కూర్చున్నాను.

మీరు అడిగింది కొడుకు మాట గురించి, కొండ గురించి. రెండింటికీ వివరంగా జవాబు చెబుతాను. అయితే ముందు ఆ బరువు సంగతి తేలాలి. నేను డాక్టరును కాను, అది గుండెకు సంబంధించిందని చెప్పలేను. గ్యాసే కావచ్చు, కండరం పట్టేసి ఉండవచ్చు. కానీ శ్రమ చేసినప్పుడు రావడం, ఆగితే తగ్గడం, మళ్లీ శ్రమ చేస్తే మళ్లీ రావడం అన్నది ఏ డాక్టరు విన్నా వెంటనే పరీక్ష చేయించమనే లక్షణం. గుండె ఇబ్బంది అందరికీ నొప్పిగానే రాదు. బరువుగా, బిగింపుగా, మంటగా, ఒక్కోసారి ఒట్టి ఆయాసంగా కూడా వస్తుంది. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారికి అది ఇంకా మందకొడిగా తెలుస్తుంది. మీరు లెక్కల మాస్టారు. ఒకసారి వస్తే యాదృచ్ఛికం అనుకోవచ్చు, అదే పరిస్థితిలో రెండోసారి వస్తే దాన్ని పక్కన పెట్టరు కదా.

మిగతా విషయాల్లో మీ ముందు నాలుగు దారులు పెడతాను, ఏది ఎంచుకున్నా మీ ఇష్టం. ఈ ఒక్క విషయంలో మాత్రం నా దగ్గర రెండో దారి లేదు. పరీక్ష జరిగేదాకా కొండ వద్దు, సూట్‌కేసులు మోయడం కూడా వద్దు. ఆ బరువు కూర్చున్నప్పుడు వచ్చినా, కాసేపటికి తగ్గకపోయినా, చెమటలు పట్టినా, చేతికో దవడకో పాకినా, ఎవరినీ అడగకుండా అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చేయండి. కొడుకు ఆఫీసులో ఉన్నాడని, రాత్రయిందని ఆగకండి.

మీరు దీన్ని దాచడానికి భయం ఒక్కటే కారణం కాదని నా అనుమానం. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులందరిలోనూ చూస్తున్నాను. డాక్టరు దగ్గరికి వెళితే ఎంత బిల్లు వస్తుందో, ఇన్సూరెన్సు ఇస్తుందో ఇవ్వదో, పిల్లల నెత్తిన ఎంత పడుతుందో అని ఒళ్లు బాగాలేకపోయినా పళ్లు బిగించి తిరుగు టికెట్టు తేదీ దాకా లాక్కొస్తారు. అది ప్రేమే, నాకు తెలుసు. కానీ ఆ లెక్క తప్పు. సందర్శకుల పాలసీల్లో చాలావాటికి ముందునుంచే ఉన్న జబ్బుల విషయంలో మినహాయింపులు ఉంటాయన్న మాట నిజమే. అందుకే మీ పాలసీ కాగితాలు కొడుకుతో కలిసి ఈ వారమే చదవండి, ఏది వర్తిస్తుందో ఫోను చేసి అడిగించండి. ముందుగా అపాయింటుమెంటు తీసుకుని చేయించుకునే ఈసీజీ, పరీక్షలకు అయ్యే ఖర్చు వేరు, ఆంబులెన్సులో వెళ్లాక అయ్యే ఖర్చు వేరు. మరో సంగతి కూడా తెలుసుకోండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇన్సూరెన్సు లేదని అక్కడి ఎమర్జెన్సీ విభాగం మిమ్మల్ని వెనక్కి పంపడానికి వీల్లేదు. 1986 నుంచి దానికి చట్టమే ఉంది. బిల్లు తర్వాత వస్తుంది, వైద్యం మాత్రం ఆగదు.

మీకు ఇక్కడ ఒంగోలులోనో గుంటూరులోనో చూసే డాక్టరు ఉంటే ఆయనతో వీడియోలో మాట్లాడటం మంచిదే. మీ పాత రిపోర్టులు, మీ మందులు ఆయనకు తెలుసు. కానీ ఫోనులో గుండె చప్పుడు వినలేరు కదా. ఆయన మాట్లాడి ‘అక్కడే చూపించుకోండి’ అంటే రెండు రోజులు కలిసొస్తాయి, ‘వచ్చాక చూద్దాం’ అంటే మాత్రం దాన్ని అనుమతిగా తీసుకోకండి. అక్టోబరు దాకా ఆగవలసిన విషయం కాదిది. అంత దూరం విమాన ప్రయాణం కూడా మిగిలే ఉంది.

ఇప్పుడు మీ అబ్బాయి గురించి. అతను మిమ్మల్ని చిన్నపిల్లవాడిలా చూస్తున్నాడని మీకు కోపం. ఆ కోపంలో న్యాయం ఉంది. ముప్పై ఏళ్లు వందలమంది పిల్లలను లేవమంటే లేపి, కూర్చోమంటే కూర్చోబెట్టిన మనిషి, ఇప్పుడు పాల ప్యాకెట్టు కావాలన్నా ఎవరో కారు తీసేదాకా ఎదురుచూడాలి. డ్రైవింగు లేదు, తెలిసిన వీధి లేదు, పలకరించే శిష్యులు లేరు. అలాంటి చోట ఒక కొండ దొరికింది. అది ఎవరూ తీసుకెళ్లేది కాదు, మీ కాళ్లతో మీరే ఎక్కేది. దాన్ని కూడా ‘వద్దు నాన్నా’ అని తీసేసుకుంటే కష్టంగానే ఉంటుంది. మీరు కోరుకున్నది నేరం కాదు మాస్టారూ, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అయితే అదే శనివారాన్ని అతని వైపు నుంచి కూడా చూడండి. చుట్టూ స్నేహితులు, పిల్లలు. తండ్రి ముఖం తెల్లబోయి రాతి మీద కూర్చున్నాడు. కింద కారు దగ్గరికి ఎంతసేపు పడుతుందో తెలియదు. తండ్రి ‘ఏమీ లేదురా’ అంటున్నాడు. ఏమీ లేదు అన్న మాటను అతను నమ్మలేదు. నిజానికి అతని అనుమానమే సరైనది, ఏదో ఉంది. కొడుకులు తండ్రి ముఖం చదవడం చిన్నప్పుడే నేర్చుకుంటారు. పైగా అక్క చేత మాట పడ్డాడు. ఇప్పుడు అతను వద్దంటున్నది కొండను కాదు, ఆ రోజు మీ ముఖంలో కనబడినదాన్ని. అదేమిటో మీరు చెప్పరు కాబట్టి అతనికి మిగిలిన ఒకే ఒక్క ఆయుధం ‘వద్దు’. మీరు నిజం చెప్పిన రోజున ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది. అప్పటిదాకా అతను వద్దంటూనే ఉంటాడు, మీరు పెరట్లోకి వెళుతూనే ఉంటారు.

ఇక కొండ సంగతి. రెండేళ్ల కిందట మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ అదే దారిలో నడిచాను, అందుకే కొంచెం అధికారంతో మాట్లాడుతున్నాను. పోను రాను కలిపి నాలుగు నుంచి ఐదు మైళ్లు, అంటే ఆరున్నర నుంచి ఎనిమిది కిలోమీటర్లు. ఎత్తు 1,100 అడుగులకు పైగా పెరుగుతుంది. పై బండ సముద్రమట్టానికి దాదాపు 2,080 అడుగుల ఎత్తులో ఉంది. అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే ఎత్తుతో పోలిస్తే ఇది సుమారు సగమే. మీ ‘ఇదెంత’ ఆ లెక్కలోంచి వచ్చిందే. కానీ తిరుమల అనుభవం ఇక్కడ మూడు రకాలుగా మోసం చేస్తుంది.

అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి. మెట్టుకు మెట్టుకు ఒక కొలత ఉంటుంది, మోకాలు ఆ కొలతకు అలవాటు పడుతుంది. పైన నీడ, పక్కన కూర్చోవడానికి అరుగులు, తాగడానికి నీళ్లు, గోవింద నామం చెబుతూ వెంట నడిచే జనం ఉంటారు. ఈ కొండ మీద మట్టి దారి. దేవదారు జాతి చెట్ల వేళ్లు దారికి అడ్డంగా పాకి, వేలమంది బూట్లు తగిలి నున్నగా మెరుస్తుంటాయి. ఒక అడుగు ఆరంగుళాలు, తర్వాతి అడుగు అడుగున్నర. కొలత లేని ఆ అడుగులే ఊపిరిని తినేస్తాయి.

రెండోది, మీరు ఆ పదిహేడుసార్లలో ఎన్నిసార్లు నడిచి దిగారు? దర్శనం చేసుకుని, లడ్డూలు తీసుకుని బస్సెక్కి దిగి ఉంటారు. మనలో చాలామందిమి అంతే. ఇక్కడ పైన బస్సు లేదు. ఎక్కినంతా దిగాలి. ఎక్కేటప్పుడు గుండెకు, ఊపిరికి పరీక్ష అయితే దిగేటప్పుడు మోకాళ్లకు, తొడలకు పరీక్ష. నాకు ఆయాసం పైకి వెళ్లేటప్పుడు వచ్చింది, ఏడుపు కిందికి వచ్చేటప్పుడు వచ్చింది. చివరి అరమైలు అమ్మాయి భుజం పట్టుకుని దిగాను. చేతికర్రలు రెండు తీసుకెళ్లి ఉంటే ఆ బాధ సగం ఉండేది కాదు.

మూడోది వేగం. తిరుమలకు మీరు మీ వేగంతో నడిచారు. జూన్‌లో మాత్రం ముప్పైల్లో ఉన్నవాళ్ల వేగంతో, ఒక్కరు ఆగితే అందరూ ఆగాల్సిన గుంపులో నడిచారు. శనివారం కాబట్టి వెనక నుంచి వచ్చేవాళ్లకు దారి ఇస్తూ, వాళ్లు చూస్తున్నారని ఇంకో రెండు అడుగులు గబగబా వేస్తూ ఉంటారు. నేనూ అలాగే వేశాను. పక్కవాళ్లతో మాట్లాడుతూ వాక్యం పూర్తి చేయగలిగినంత నిదానంగా నడవాలని మా అమ్మాయి తర్వాత చెప్పింది. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైందన్నమాట.

మీ ముందు ఉన్న దారులు ఇవి.

మీరు అనుకున్న బుధవారం ప్రయాణం మొదట చూద్దాం. వరంగల్ మిత్రుడిని నేను తప్పుపట్టను, పరాయి దేశంలో మనసెరిగిన తోడు దొరకడం అదృష్టం. కానీ ఇద్దరూ అరవై దాటినవాళ్లు, ఇద్దరికీ ఆ దారి కొత్త, మేనల్లుడు దింపి వెళ్లిపోతాడు. మలుపుల మధ్య మీకు ఆ బరువు మళ్లీ వస్తే ఆయన ఏం చేయగలరు? అడవిలో ప్రతి చోటా ఫోను పలుకుతుందన్న భరోసా లేదు. సహాయక బృందాలు వచ్చినా మనిషిని స్ట్రెచర్ మీద మోసుకు దించడానికి చాలా సమయం పడుతుంది. ఏమీ జరగకపోయినా ఒక నష్టం ఉంది. మీరు పైనుంచి చూసిన సరస్సు గురించి మనవడికి చెప్పలేరు. వాడి బొమ్మ పక్కన నిలబడి ‘నేనూ చూశానురా’ అనలేని చూపు చూసి ఏం చేసుకుంటారు? చెబితే అబద్ధం బయటపడుతుంది, ఆ తర్వాత మీరు నిజంగానే గ్రంథాలయానికి వెళ్లినా ఇంట్లో అనుమానంగా చూస్తారు.

రెండో దారి, పరీక్షలు చేయించుకుని, డాక్టరు సరేనంటే ఈ వేసవి ముగిసేలోపే కొడుకుతో వెళ్లడం. అడిగేటప్పుడు ‘నడవవచ్చా’ అని అడగకండి, ‘నడవండి, మంచిదే’ అంటారు. ‘రెండున్నర మైళ్ల దూరంలో 1,100 అడుగుల పైకి, మట్టి దారిలో ఎక్కవచ్చా’ అని అంకెలతో అడగండి. మీ బీపీ మందుల పేర్లు చూపించండి. వాటిలో కొన్ని నాడి వేగాన్ని పెరగనివ్వవు, కాబట్టి చేతి గడియారంలో నాడి తక్కువ చూపించిందని ధైర్యపడకూడదు. షుగరు మందు ఆ రోజు ఎంత, ఎప్పుడు వేసుకోవాలో కూడా తెలుసుకోండి. డాక్టరు పచ్చజెండా ఊపినా వెంటనే వెళ్లకండి, మూడు నాలుగు వారాలు చిన్న చిన్న ఎత్తుల మీద అలవాటు చేసుకోండి. ఆ ప్రాంతంలో అక్టోబరు నుంచి వానలు పట్టుకుంటాయి, వేళ్లూ రాళ్లూ జారతాయి. కొన్ని సంవత్సరాల్లో ఆగస్టు, సెప్టెంబరుల్లో కార్చిచ్చుల పొగ కమ్ముతుంది. పొగ ఉన్న రోజు గాలి నాణ్యత చూసుకుని మానుకోవాలి. అంటే మీకు దొరికే రోజులు లెక్కపెట్టినట్టు ఉంటాయి. దొరకకపోవచ్చు కూడా. ఆ తొందరలో మళ్లీ గబగబా నడిచే ప్రమాదం ఈ దారిలో ఉంది.

ఒకవేళ ఆ రోజు వస్తే కొడుకును వారం మధ్యలో సెలవు పెట్టమనండి. పొద్దున్నే ఏడింటికల్లా అక్కడ ఉండండి. వారాంతాల్లో కారు పెట్టడానికే చోటు దొరకదు. మామూలు మనుషులు రెండు మూడు గంటల్లో వచ్చేస్తారు, మీరు ఐదు గంటలు పెట్టుకోండి. బయలుదేరే ముందే ఇద్దరూ ఒక మాట అనుకోండి. ఫలానా సమయానికి ఎక్కడ ఉంటే అక్కడి నుంచి వెనక్కి రావాలి. ఛాతీలో ఏ తేడా అనిపించినా మీరు నోరు తెరిచి చెప్పాలి. మీరు చెప్పిన మాటకు అతను కంగారుపడకుండా ఆగాలి. ఈ ఒప్పందంలో ఇద్దరికీ చెరో బరువు ఉంది. పైన బండ అంచుకు రక్షణగా కమ్మీలేవీ లేవు, కింద నిలువు లోయ. అక్కడ జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. అలసిన కాళ్లు తూలతాయి. మనవడి చేయి పట్టుకుని అంచుకు బాగా వెనకే కూర్చోండి. పులిహోర పొట్లం అక్కడ విప్పండి.

మూడో దారి, ఈ ఏడాది బండను వదిలేసి సరస్సును పట్టుకోవడం. దీన్ని ఓదార్పుగా చెబుతున్నానని అనుకోకండి. ఆ సరస్సు ఒడ్డు నాకు పై బండ కన్నా ఎక్కువ గుర్తుండిపోయింది. ఒకప్పుడు అక్కడ మాంక్టన్ అనే ఊరు ఉండేది, రైలు కూలీలు, రంపపు మిల్లుల వాళ్లు ఉండే ఊరు. సియాటిల్ నగరం సీడర్ నది మీద కొత్త ఆనకట్ట కట్టాక, నీళ్లు మంచుయుగం నాటి రాళ్లూ ఇసుకా పేరుకున్న గట్టులోంచి ఊరి కిందికి ఊరాయి. 1915లో ఊరు మెల్లమెల్లగా మునిగింది. ఉప్పెనలా ఒక్క పెట్టున రాలేదు, నేలలోంచి ఉబికి, వాకిళ్లు నిండి, గడపలు దాటింది. జనం ఊరు విడిచి వెళ్లారు. శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు పోయినవాళ్లు మన దగ్గర ఎందరో ఉన్నారు, మీకు ఈ కథ పరాయిగా అనిపించదు. వేసవి చివర నీళ్లు తగ్గితే బురదలోంచి పెద్ద పెద్ద చెట్ల మొద్దులు బయటికి వస్తాయి. దగ్గరికి వెళ్లి చూడండి. కొన్ని మొద్దుల పక్కలకు, దీపం పెట్టుకునే గూడంత నొక్కులు ఉంటాయి. నూరేళ్ల కిందట చెట్టు కొట్టేవాళ్లు ఆ నొక్కులో పలక దోపి, దాని మీద నిలబడి రంపం లాగారు. మనవడి వేలు పట్టి ఆ నొక్కులో పెట్టించండి. వాడు పై నుంచి గీసిన సరస్సులో ఈ ఊరు లేదు. అది మీరు వాడికి చెప్పగల కథ.

సరస్సు పక్క నుంచే పాత రైలు మార్గం మీద వేసిన నడకదారి ఉంది. 1980లో ఆ లైను మూతపడి పట్టాలు తీసేశారు. రైలు నడిచిన దారి కాబట్టి వాలు చాలా మెల్లగా ఉంటుంది. డాక్టరు నడకకు అనుమతిస్తే ఇద్దరూ అక్కడ ఎంత దూరమైనా పోవచ్చు, ఎక్కడైనా వెనక్కి తిరగవచ్చు. దగ్గరలోనే నగరానికి తాగునీరిచ్చే అడవి గురించి చెప్పే కేంద్రం ఉంది. దాని పెరట్లో నీటి చుక్కలు పడి వాటంతటవే మోగే డోళ్లు ఉన్నాయి. ఇంతకీ కొండ పేరు చూసి మీ శ్రీమతి భయపడుతున్నారని రాశారు కదా, ఆవిడకు చెప్పండి. రాటిల్‌స్నేక్ అంటే గిలకపామే అయినా, మీరున్న వైపు, అంటే కాస్కేడ్ పర్వతశ్రేణికి పడమటి వైపు, గిలకపాములు లేవు. ఎండిన గింజల కాయలు గాలికి గలగలమంటే పాము అనుకుని ఎవరో అదిరిపడ్డారని, అందుకే ఆ పేరని చెబుతారు. ఈ దారికి ఆవిడ కూడా వస్తారు. దీని నష్టం ఒక్కటే. పై నుంచి చూడాలన్న కోరిక మీలో అలాగే ఉంటుంది. తల పైకెత్తినప్పుడల్లా ఆ బండ కనబడుతూనే ఉంటుంది. అది మీకు ఎంత గుచ్చుకుంటుందో మీకే తెలియాలి.

నాలుగో దారి వచ్చే ఏడాది. ఊరికి వచ్చి, పరీక్షలన్నీ పూర్తి చేసుకుని, అవసరమైతే వైద్యం చేయించుకుని, డాక్టరు చెప్పిన మేరకు ఆరు నెలలు నడిచి మళ్లీ వెళ్లడం. వైద్యం తర్వాత మునుపటికన్నా హాయిగా నడుస్తున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఈసారి మెట్లు దిగడం కూడా అలవాటు చేసుకోండి. మనవడికి అప్పటికి పదేళ్లు వస్తాయి, వాడి కాళ్లు ఇంకా పొడవవుతాయి, తాతతో కలిసి నడవాలన్న తహతహ ఇంతే ఉంటుందని హామీ ఇవ్వలేను. వీసా, టికెట్లు, మీ శ్రీమతి ఆరోగ్యం, ఎన్నో కుదరాలి. ఓపిక ఉన్నవారి దారి ఇది, అందులో పోగొట్టుకునేది కాలమే.

పరీక్షలో ఏమీ లేదని తేలితే నా మనసు రెండో దారి వైపు మొగ్గుతుంది, దాచను. ఏదైనా ఉందని తేలితే మూడూ నాలుగూ కలిపి నడవండి. డాక్టరు ఎప్పటికీ కొండలు వద్దన్నారనుకోండి, ఆ మాట వినడం ఎంత కష్టమో నాకు తెలుసు. అప్పుడు కూడా నిర్ణయం కాగితాల మీద, మీ చేతుల్లో ఉంటుంది, మీ వెనక పక్కగదిలో ఫోనులో జరగదు. ఇప్పుడు మిమ్మల్ని నలిపేస్తున్నది అదే అని నాకు అనిపిస్తోంది.

మీ అబ్బాయికి నేను రాయగలిగితే ఒక్క మాట రాసేదాన్ని. ‘వద్దు’ అన్న తర్వాత ఇంకో వాక్యం ఉండాలి నాయనా, ‘ఎందుకంటే నాకు భయమేసింది’ అని. ఈ జవాబు అతనికి చూపించాలనిపిస్తే చూపించండి. అక్కకు ఫోను చేసేటప్పుడు మిమ్మల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోమనండి. శనివారం వాళ్లు వెళ్లేటప్పుడు మీరు పెరట్లోకి పోకుండా గుమ్మంలో నిలబడి మనవడి బూట్ల తాళ్లు కట్టండి. ఇంకో వారం మీతో ఇంట్లో ఉండిపోతానని కొడుకు తనంతట తానే అనవచ్చు.

ఎలా మొదలుపెట్టాలా అని మాటలు వెతుక్కోనక్కర్లేదు. శనివారం దాకా ఆగకండి, ఈ రోజే చెప్పండి. అతను ఆఫీసు పని ముగించుకుని వచ్చాక, భోజనానికి ముందు, నాకు రాసిన ఉత్తరంలో నాలుగో పేజీ తీసి ఆ ఒక్క వాక్యం చదివి వినిపించండి. చివర్లో ఉన్న ‘గ్యాసు అనుకుంటాను’ అన్న ముక్క మాత్రం వదిలేయండి.